పెళ్ళికి ఎన్ని సబ్బులు కావాలి?

పెళ్ళికొచ్చిన వాళ్ళ చేతిలో పెట్టే కానుకను బజారులో కొనేవాడు అసలు మనిషే కాదు!

ఆవేశపడుతున్నాననుకోకండి. బాగా ఆలోచించే అంటున్నాను. కొన్న కానుకలో ఏముంది? డబ్బు పారేస్తే డబ్బా వస్తుంది. అదే ఇంట్లో చేసిందైతే అందులో ప్రేమ ఉంటుంది, శ్రమ ఉంటుంది, ఎవరిదో ఒకరి నడుంనొప్పి ఉంటుంది. ఆ నడుం ఎవరిదన్నది చిన్న విషయం. శుభమా అని పెళ్ళి జరుగుతుంటే అలాంటి చిల్లర ప్రశ్నలు ఎవరడుగుతారు?

ఇంకో లాభం కూడా ఉంది. ‘ఎన్ని చేయాలి?’ అని నలుగురూ కూర్చుంటే చాలు, ఆ ఇంట్లో ఎవరి విలువ ఎంతో గంటలో తేలిపోతుంది. మామూలుగా అయితే దానికి ఆస్తి పంపకాలదాకా ఆగాలి!

నమ్మకం కుదరకపోతే ఈ పిన్ని సంగతి వినండి.

పిన్ని కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానబట్టి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఒంటరి మనిషి, రెండు గదుల ఇల్లు. తీరిక దొరికితే సరదాగా సబ్బులు చేసుకుంటుంది. ఆ సబ్బొకటి తీసుకెళ్ళి అక్కకిచ్చింది. జీవితంలో ఆమె చేసిన పొరపాటు అదొక్కటే.

వారం తిరక్కుండా ఫోన్ మోగింది. అవతల అక్క కూతురు, కాబోయే పెళ్ళికూతురు.

“పిన్నీ! పెళ్ళిలో రిటర్న్ గిఫ్టుగా సబ్బులే ఇద్దాం. మన చేత్తో చేసినవంటే ఆ ఫీలింగే వేరు కదా!”

“మన చేత్తోనా? అయితే నువ్వూ వస్తున్నావన్నమాట.”

“అయ్యో, ఆ వాసన నాకు పడదు పిన్నీ. రిబ్బన్ రంగు నేను సెలెక్ట్ చేస్తాలే!”

పిన్ని సరేనంది. ఎందుకనదు? తల్లి ఉద్యోగానికి పరిగెడుతుంటే ఆ పిల్లకు జడ వేసి, లెక్కలు నేర్పి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఆమే. ఆ పిల్ల పెళ్ళిని ముందు వరుసలో కూర్చుని కళ్ళారా చూడాలని ఆమె కోరిక. ఈ కథలో ఆపదలో ఉన్నది ఆ కోరికే సుమా! సబ్బులకేం, అవి బాగానే ఉంటాయి.

“సరే, ఎన్ని కావాలి?” అనడిగింది.

అంతే, యుద్ధం మొదలైంది.

సబ్బంటే ఇవాళ పోసి రేపు పంచేది కాదు. అచ్చుల్లో పోయాలి, గట్టిపడ్డాక ముక్కలు కోయాలి, నెల్లాళ్ళు గాలికి ఆరబెట్టాలి. తొందరపడి పచ్చిది ఇస్తే వచ్చినవాళ్ళు పెళ్ళివారిని ఆశీర్వదించిన చేతులతోనే శపిస్తారు. కాబట్టి అంకె ముందే తేలాలి. ఏ పెళ్ళిలో తేలింది గనుక?

“ఇంటికొకటి చాలు. మొగుడూ పెళ్ళాం ఒకే సబ్బు వాడరా ఏంటి?” అన్నాడు బావ.

“మీ సబ్బు వాడడం నేనెప్పుడో మానేశాను,” అంది అక్క.

“మీ ఇష్టం వదినగారూ, మా వైపు మాత్రం మనిషికొకటి ఇవ్వాల్సిందే. చంటిపిల్లలతో సహా,” అంది వియ్యపురాలు. “రేపు మాట పడేది మేమే కదా!”

చివరికి రెండువైపులా కలిపి రెండు వందల మందికి రెండు వందల సబ్బులని తీర్మానమైంది. ఎంత హాయి! కానీ పిన్నికి అందిన కబురేమిటి? మూడు వందల డెబ్భై!

మిగతావాళ్ళు ఎవరు? ఎక్కడ దాక్కున్నారు? పిన్ని ఒక్కొక్కరినీ ఫోన్లో నిలదీసింది.

ముందు అక్క దొరికింది. “కుర్చీలు వేసేవాళ్ళు, వంటవాళ్ళు, ఫోటోగ్రాఫరు, అతని బావమరిది... చెయ్యి చాపితే లేదనలేం కదే! ఎందుకైనా మంచిదని ఒక అరవై కలిపాను. మీ బావతో అనకు.”

తర్వాత బావ. “రెండేసి పట్టుకెళ్ళే రకాలుంటాయమ్మా. మా ఆఫీసంతా అవే. ఎందుకైనా మంచిదని నేనూ ఒక అరవై వేశాను. మీ అక్క చెవిన వెయ్యకు.”

చివరికి పెళ్ళికూతురు. “ఫోటో కోసం పిరమిడ్‌లా పేర్చాలి పిన్నీ. యాభైకి తగ్గితే పిరమిడ్‌లా ఉండదు, కుప్పలా ఉంటుంది.”

తిలా పాపం తలా పిడికెడు! దీన్ని దుబారా అనేవాళ్ళు కుళ్ళుబోతులు. ఇది ముందుచూపు. ఇంత ముందుచూపు కొన్న కానుకల్లో కనబడుతుందా? అక్కడ దుకాణదారుడు బిల్లు చూపించగానే ముందుచూపంతా మూసుకుపోతుంది. పిన్ని దగ్గర బిల్లుండదు. అందుకే ప్రేమకు హద్దుండదు!

పిన్ని మంచం మీద సబ్బులు. భోజనాల బల్ల మీద సబ్బులు. పుస్తకాల బీరువాలో పుస్తకాల స్థానంలో సబ్బులు. ఆమె మాత్రం వంటగది గుమ్మానికి అడ్డంగా చాప వేసుకుని పడుకునేది. దుకాణం యజమాని ఒకరోజు ముక్కు ఎగబీల్చి, “మీరు లోపలికొస్తుంటే బాత్రూం తలుపు తీసినట్టుందండీ,” అన్నాడు. పొగడ్తో కాదో తేలక పిన్ని నవ్వి ఊరుకుంది.

పెళ్ళి ఇంకో పది రోజులుందనగా పెళ్ళికొడుకు తన ఆఫీసు గ్రూపులో ‘అందరూ రండి’ అని పెట్టాడు. అందరూ వస్తామన్నారు! కొత్తగా పోస్తే ఆరే వ్యవధి లేదు. బావ బుర్ర పాదరసంలా పనిచేసింది.

“ఉన్నవాటినే కాస్త సన్నంగా కొయ్యమ్మా.”

పిన్ని కోసింది. కట్టిన రిబ్బన్లు విప్పి, కోసి, మళ్ళీ కట్టింది. జనం లావెక్కినకొద్దీ సబ్బు చిక్కిపోయి, బడిపిల్లల రబ్బరంత అయింది.

పెళ్ళికి ముందురోజు సాయంత్రం అక్క ఇంట్లో కుర్చీల వరసలు ఖాయం చేస్తున్నారు. పిన్ని మొహమాటంగా అడిగింది.

“అక్కా, నేనెక్కడ కూర్చోను?”

అక్క తెల్లబోయింది. “నీకు కుర్చీ ఏంటే? నువ్వు గుమ్మం దగ్గర సబ్బుల బల్ల చూసుకోవాలిగా! ఎవరికి ఎన్నివ్వాలో నీకు తప్ప ఎవరికి తెలుసు?”

“మరి పెళ్ళి?”

“వీడియో తీస్తున్నారుగా! అయినా నువ్వేమన్నా చుట్టానివా? ఇంట్లో మనిషివి!”

ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను చోటు లేదు! ఫోటోగ్రాఫరు బావమరిదికి సబ్బు ఉంది. ఇంకా పళ్ళు రాని పిల్లాడికి సబ్బు ఉంది. లెక్కల్లో ఇంత పండిపోయిన కుటుంబం ఆమెకొక్క కుర్చీ లెక్కపెట్టలేదు. పిన్ని సబ్బుల అట్టపెట్టె ఎత్తుకుని బయటికి నడిచింది.

మర్నాడు పెళ్ళి హాలు గుమ్మం దగ్గర బల్ల, దాని మీద పిరమిడ్. మొదటగా ఒక ముసలి దంపతులు వచ్చారు. పిన్ని రెండు సబ్బులిచ్చింది. లోపల మేళం అందుకుంది. ఆమె ఒకసారి లోపలికి చూసింది, ఒకసారి బల్ల వైపు చూసింది.

“ఇదిగో, ఇంకో నాలుగు ఉంచండి. మీ మనవలకి.”

తర్వాతి వాళ్ళకు ఆరు. “మీ పక్కింటివాళ్ళకి కూడా తీసుకెళ్ళండమ్మా, సిగ్గుపడకండి!” బావ ఆఫీసు వాళ్ళు మందగా దిగగానే, “మీకోసమే ఎదురుచూస్తున్నానండీ!” అని పిరమిడ్‌ను పైనుంచి కింది దాకా వాళ్ళ సంచుల్లోకి దింపేసింది. ఆ ఆనందం వాళ్ళు జీతంరోజున కూడా ఎరగరు.

పెళ్ళికూతురు నడిచొచ్చే వేళకి బల్ల నున్నగా ఉంది.

పిన్ని చేతులు దులుపుకుని తిన్నగా ముందు వరుసకు వెళ్ళింది. అక్క పక్క కుర్చీలో అక్క హ్యాండ్‌బ్యాగు కూర్చుని ఉంది. దాన్ని తీసి అక్క ఒళ్ళో పెట్టి, తను కూర్చుంది.

“ఏమే! అక్కడెవరున్నారే?” గుసగుసగా గర్జించింది అక్క.

“ఎవరూ లేరు. సబ్బులు అయిపోయాయి.”

“అన్నీనా? వియ్యంకుడిగారి ఆఫీసరు ఇంకా రానేలేదే! ఏమిచ్చి పంపాలే ఆయన్ని?”

“నీ హ్యాండ్‌బ్యాగు ఇవ్వు. ష్... పిల్ల వస్తోంది, చూడనీ.”

చూసింది. మొదటినుంచి చివరిదాకా, కళ్ళజోడు రెండుసార్లు తుడుచుకుని మరీ చూసింది.

ఇంతకీ ఎన్ని చేయాలంటారా? చేసిన మనిషి లోపలికొచ్చి కూర్చునే వేళకి అయిపోయేటన్ని. అంతకుమించి ఒక్కటి కావాలన్నా, ఆ బల్ల దగ్గర మీరు నిలబడండి!