ఆశాన్ భుజం మీద నల్లమచ్చ

ఊరంతా ఆశాన్, అంటే గురువుగారు, అని పిలిచే దామోదర మారార్ ఆ రోజు వేసుకున్న పథకం చాలా చిన్నది. తెలతెలవారుతుండగా గుడికి పోవడం, భగవతికి దండం పెట్టుకోవడం, ఎవరి కంటా పడకుండా ఇంటికొచ్చి వేడి వేడి బియ్యప్పిండి పుట్టు, శనగల కూర తినడం. పూరం, అదే మా గుడి ఉత్సవం, దగ్గర పడింది. అంతమంది వాయిద్యగాళ్ళకు ముందు నిలబడి చెండ డోలు వాయించే ప్రమాణి, మేళానికంతటికీ పెద్ద, అమ్మవారికి మొహం చూపించకుండా ఎన్నాళ్ళు తప్పించుకు తిరుగుతాడు?

తప్పించుకోవడం దేనికంటే, చొక్కా గురించి. మా వైపు గుళ్ళలో మగవాడన్నవాడు చొక్కా విప్పే లోపలికి పోవాలి, కలెక్టరైనా సరే. మారార్ చొక్కా విప్పితే ఎడమ భుజం మీద, చెండ పట్టీ ఒత్తుకునే చోట, అరచెయ్యంత నల్లమచ్చ. మోచేతికి పైన ఇంకొకటి. పక్కటెముకల మీద మరొకటి, పండిన నేరేడు రంగులో. ఆయన్ని ఎవరూ కొట్టలేదు. అదంతా మాత్రల పుణ్యం.

కొన్నాళ్ళ కిందట ఇంట్లో సాధన చేస్తుండగా ఆయన గుండె దడదడలాడి, ఒక కొట్టుకోవడానికీ ఇంకో కొట్టుకోవడానికీ పొంతన లేకుండా పోయింది. పట్నంలో డాక్టరు నర్సు చేత తీగలు తగిలించి చూశాడు. "గుండె పై గదులు ముడుచుకోకుండా వణుకుతున్నాయి ఆశాన్. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అక్కడ రక్తం నిలిచి గడ్డ కట్టి, ఆ గడ్డ మెదడుకు పోయిందనుకోండి, పక్షవాతం. అందుకే రక్తం పలచబడే మాత్ర ఇస్తున్నాను. కాస్త తగిలినా నల్లగా కమిలిపోతుంది, చిగుళ్ళలోంచి రక్తం రావచ్చు. ఎక్కువైతే నాతో చెప్పండి. మీ అంతట మీరు మాత్రం మానొద్దు" అన్నాడు.

మారార్‌కు ఒళ్ళు మండిపోయింది. తాళం తప్పినందుకు ఎంతమంది శిష్యుల చెవులు మెలేశాడో ఆయనకే లెక్క లేదు. ఇప్పుడు సొంత గుండే తప్పితే ఎవరి చెవి మెలేయాలి? ఆ మంట మాత్రల మీదికి మళ్ళింది. ఆయన లెక్క ఆయనది: పక్షవాతం 'రావచ్చు' అన్నారు, నల్లమచ్చ వచ్చేసింది. రాబోయేదాని కోసం వచ్చినదాన్ని భరించడమేమిటి? దానికన్నా భుజం నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే బిళ్ళే నయం. వేసుకుంటే నొప్పి పోతుంది, ఇంకే గొడవా ఉండదు. మాత్రంటే అదీ.

ఈ జబ్బు సంగతి ఇంట్లో సౌదామినికి తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియకూడదని ఆయన పట్టు. దానికీ కారణముంది. ఇంతకుముందున్న ప్రమాణి గుండెలో స్టెంటు వేయించుకున్నాడని తెలియగానే గుడి కమిటీ వాళ్ళు ఆయనకు శాలువా కప్పారు. 'మా ఊరి వెలుగు' అని పొగిడారు. పొగిడి, మేళానికి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పాపం పెద్దాయన ఆ పూరమంతా తొడ మీద తాళం వేసుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. మనిషిని చంపడానికి కత్తులే అక్కర్లేదు, మా కమిటీ వాళ్ళకు శాలువా చాలు.

అందుకని ఆ తెల్లవారుజామున మారార్ చొక్కా విప్పి, భుజాల చుట్టూ కండువా గట్టిగా చుట్టుకుని లోపలికి పోయాడు. దండం పెట్టడానికి చేతులెత్తాడు. కండువా జారిపోయింది. సరిగ్గా వెనకే కమిటీ కార్యదర్శి మీనన్ మాస్టారు ఉన్నాడు. రిటైరైన లెక్కల మాస్టారు. ఎప్పుడూ లేనిది ఆ రోజే పెందలాడే లేచి చచ్చాడు.

"అయ్యో ఆశాన్! భుజానికేమైంది?"

"తలుపు తగిలింది."

"మరి చేతికి?"

"మెట్ల మీద జారాను."

"పక్కటెముకలకి?"

మారార్‌కు అబద్ధాలు అయిపోయాయి. "మాస్టారూ, మీరు అమ్మవారిని చూడ్డానికొచ్చారా, నన్ను చూడ్డానికొచ్చారా?" అని కసిరి, ప్రదక్షిణం కూడా చేయకుండా బయటపడ్డాడు.

ఇంటికి రాగానే సౌదామిని ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో నీళ్ళ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ గొంతు గురించి ఒక మాట చెప్పాలి. మొగుడు చెండ వాయించే ఇంట్లో ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి. చెండ మోగుతుంటే కూడా వినపడేలా మాట్లాడ్డం అలవాటైపోయింది.

"నోరు తెరవండి!"

"నాకొద్దు. ఒళ్ళంతా చూడు ఎలా అయిందో! నీకు జాలి లేదూ?"

"జాలా? నిన్నటిది చాల్లేదా? రోజూ ఇదే రభస. తెరుస్తారా, గుండెల మీద కూర్చుని తెరిపించమంటారా?"

"చంపేస్తున్నావు కదే నన్ను!"

"చంపేదాన్నయితే ఎప్పుడో వదిలేసేదాన్ని!"

గోడవతల వత్సల పాలపాత్ర చేతిలో పట్టుకుని కొయ్యబారిపోయింది. వత్సల ఆ వీధి ఆడవాళ్ళ సంఘానికి సెక్రటరీ. మనిషి చెడ్డది కాదు, కానీ కిందటి నెలే ఇంట్లో జరిగే హింస గురించి పంచాయతీ వాళ్ళు పెట్టిన క్లాసుకు పోయి సర్టిఫికెట్ తెచ్చుకుంది. అప్పట్నించి దాన్ని ఎక్కడ వాడదామా అని చూస్తోంది. పాలపాత్ర దించేసి నేరుగా మీనన్ మాస్టారింటికి పోయింది. గుళ్ళో చూసినదంతా ఆయన చెప్పాడు.

"తలుపు తగిలిందన్నాడా? ఆ మాటే అన్నాడా?" అని అడిగింది.

"ఆ మాటే. తర్వాత మెట్లన్నాడు."

"చూశారా! దెబ్బలు తినేవాళ్ళు మొదట తలుపంటారు, తర్వాత మెట్లంటారు అని క్లాసులో చెప్పారు. వరస కూడా తప్పలేదు!"

"అది ఆడవాళ్ళ గురించి కదమ్మా చెప్పేది?"

"అంటే? మగవాడైతే నొప్పి పుట్టదా మాస్టారూ? మా సంఘానికి ఆడా మగా తేడా లేదు."

సాయంత్రానికల్లా సంఘం కూర్చుంది, తీర్మానం చేసింది. మా ఊళ్ళో తీర్మానం లేకుండా కొబ్బరికాయ కూడా కొట్టరు. మర్నాటికి గ్రంథాలయం కుర్రకారు గోడ మీద పోస్టరు అంటించారు: 'వృద్ధ కళాకారుడిపై దౌర్జన్యం నశించాలి'. వృద్ధ అన్న మాట చూసి మారార్‌కు మచ్చల కన్నా ఎక్కువ మండింది. చింపబోతే, "పాపం, పెళ్ళాం భయానికి చింపుతున్నాడు" అన్నారు.

ఇంట్లో ఆయన ఇంకో ఘనకార్యం మొదలుపెట్టాడు. పూరం నాడు చొక్కా లేకుండా వేలమంది ముందు నిలబడాలి. ఈలోగా మచ్చలు పోవాలంటే మాత్ర మానాలి. సౌదామిని ముందు మాత్ర బుద్ధిగా నోట్లో వేసుకునేవాడు, నీళ్ళు తాగేవాడు, పెరట్లో అరటి చెట్ల దగ్గరికి పోయి ఉమ్మేసేవాడు. ఆవిడ మాత్రం దారికొచ్చాడనుకుని, పోనీలే అని చేపల పులుసు కూడా చేసిపెట్టింది.

ఆ పులుసు తింటుండగానే రాయబారం వచ్చింది. వత్సల, సంఘంలో నలుగురు, వెనకాల మీనన్ మాస్టారు.

"సౌదామిని చేచ్చీ, మేము ఆశాన్‌తో విడిగా మాట్లాడాలి. మీరు కాస్త లోపలికి వెళ్ళండి" అంది వత్సల, అక్కా అని పిలుస్తూనే.

"నా ఇంట్లో నన్ను లోపలికి పొమ్మంటావా? ఏమిటే నీ విడి సంగతి?"

"చూశారా మాస్టారూ, ఎలా అరుస్తోందో!"

"నేనెప్పుడూ ఇలాగే అరుస్తానే! నీ పెళ్ళిలో పాట పాడినప్పుడూ ఇలాగే అరిచాను!"

వత్సల మారార్ వైపు వంగి మెల్లగా అడిగింది. "భయపడకండి ఆశాన్. నిజం చెప్పండి. ఆ దెబ్బలు ఎవరివి?"

ఒక్క మాట. 'మాత్రల వల్ల' అని ఒక్క మాటంటే ఆ తతంగం అక్కడితో సరి. మారార్ నోరు తెరిచాడు. వత్సల భుజం మీదుగా మీనన్ మాస్టారు కనిపించాడు. మీనన్ మాస్టారి వెనకాల శాలువా, ప్లాస్టిక్ కుర్చీ కనిపించాయి. నోరు మూసుకున్నాడు.

"సౌదామిని మంచిదే" అన్నాడు నీరసంగా. "కోపంలో ఏదో..."

కొంపలు ముంచే మాటలు ఇంతకన్నా వెతికినా దొరకవు. అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. సౌదామిని మొగుడి మొహంలోకి చూసింది. ఆవిడకు అర్థమైంది. గుట్టు ఆవిడ నాలిక చివరే ఉంది, చెప్తే తాను బయటపడుతుంది, ఆయన కుర్చీలో పడతాడు. ఆ కుర్చీలో ఆయన్ని చూడటం ఆవిడ వల్ల కాదు. ఊరంతా కలిసి నెత్తిన వేస్తున్న నింద కన్నా, అంత నీరసంగా ఆయనన్న మాట కన్నా, అదే ఆవిడకు ఎక్కువ కష్టమనిపించింది. ఏడుపొచ్చింది. ఏడుపొస్తే ఆవిడకు కోపమొస్తుంది.

"అవునే, నేనే కొట్టాను! నా మొగుడు, నా ఇష్టం! ఏం చేస్తారో చేసుకోండి, పొండి!"

చేశారు. మర్నాడు పొద్దున్నే పోలీసు జీపు వచ్చి వాకిట్లో ఆగింది. ఎస్సై లిస్సీ దిగింది. కొత్తగా వచ్చిన పిల్ల, నిద్రమొహంతో ఉంది. జీపు వెనకాల సంఘం, సంఘం వెనకాల గ్రంథాలయం, దాని వెనకాల పని ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ. ఇంతమంది పూరానికి కూడా అంత పొద్దున్నే రారు.

"అమ్మా, ఫిర్యాదు వచ్చింది. మీరే ఒప్పుకున్నారంటున్నారు. స్టేషనుకొచ్చి ఒక మాట చెప్పి వెళ్ళండి" అంది ఎస్సై.

సౌదామిని లోపలికి పోయి మంచి చీర కట్టుకుని, జుట్టు ముడేసుకుని వచ్చింది. మొగుడి వైపు చూడకుండా, "పుట్టు కుక్కర్లో ఉంది. అరటిపండుతో తినండి. మాత్ర నీళ్ళ గ్లాసు పక్కన పెట్టాను" అని చెప్పి జీపు మెట్టు మీద కాలు పెట్టింది.

అరవని సౌదామినిని మారార్ పెళ్ళయ్యాక చూడటం అదే మొదలు. ఆయనకు పూరమూ వద్దు, ప్రమాణి పదవీ వద్దు అనిపించింది. పంచె ఎగ్గట్టి వాకిట్లోకి దూకాడు.

"దింపండి దాన్ని! అది నన్ను వేలితో కూడా తాకలేదు! నాకు గుండె జబ్బు! రక్తం పలచబడ్డానికి మాత్రలు వేసుకుంటున్నాను, ఆ మచ్చలు దాని వల్ల! విన్నారా? వినండి, అందరూ వినండి! ఇక తీసుకురండి మీ శాలువా, కప్పండి!"

మీనన్ మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"గుండె సంగతి మాకు ఎప్పుడో తెలుసు ఆశాన్."

"తెలుసా?"

"ఆసుపత్రిలో మీకు తీగలు తగిలించిన పిల్ల మన పూజారిగారి కోడలు. మీరింటికొచ్చేసరికే తెలిసిపోయింది. మీరు చెప్పుకోవడం లేదు కదా, మనసు కష్టపెట్టడమెందుకని ఊరుకున్నాం. మచ్చలు దాని వల్లేనని మాత్రం మా బుర్రలకు తట్టలేదు."

"మరి... ప్రమాణి?"

"మీరే. ఇంకెవరు? పాతాయన స్టెంటు వల్లే కుర్చీ వేశామనుకున్నారా? ఆయనే అడిగి వేయించుకున్నాడు, మోకాళ్ళు నిలవడం లేదని."

మారార్ రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు. "ఓరి దేవుడా! ఆ శాలువా భయానికే కదయ్యా ఇన్నాళ్ళూ మాత్రలు అరటిచెట్టు మొదట్లో ఉమ్మేస్తూ వచ్చాను!"

సౌదామిని జీపు మెట్టు మీంచి కాలు తీసింది.

"ఏమన్నారు?"

"అదీ... మచ్చలు పోతాయేమోనని..."

"ఉమ్మేశారా? నేను చేపల పులుసు వండి పెడుతుంటే, ఊరంతా నన్ను రాక్షసి అంటుంటే, నోరు మూసుకుని నేను మోస్తుంటే, మీరు ఉమ్మేశారా? మీకు కాలూ చెయ్యీ పడిపోతే నా గతేమిటని ఒక్క పూటైనా అనుకున్నారా? మేళం, మేళం, మేళం! మీకు మేళముంది. నాకెవరున్నారు?"

అంటూనే, మీనన్ మాస్టారూ, సంఘమూ, ఎస్సై లిస్సీ చూస్తుండగా, ఆవిడ మొగుడి వీపు మీద అరచేత్తో ఒక్కటి వేసింది. ఆ చప్పుడుకు గోడ మీద కాకులు లేచిపోయాయి.

వత్సల తుళ్ళిపడి ఎస్సై వైపు చూసింది. "మేడం, చూశారుగా?"

"నేను జీపు తాళాలు వెతుక్కుంటున్నానండీ" అంది ఎస్సై. "ఆశాన్, ఎక్కండి. స్టేషనుకు కాదు, ఆసుపత్రికి. చేచ్చీ, మీరూ ఎక్కండి."

డాక్టరు అంతా విని, ముందు మారార్‌ను తిట్టాడు. తర్వాత భుజం నొప్పికి ఏమైనా వేసుకుంటున్నారా అని అడిగాడు. ఆయన గర్వంగా నొప్పి బిళ్ళ పేరు చెప్పగానే మళ్ళీ తిట్టాడు. "రెండూ కలిస్తే ఒళ్ళు కమలక ఏమవుతుంది? మానాల్సిన బిళ్ళ మానలేదు, మానకూడని మాత్ర మానేశారు. గడ్డ కదిలి ఉంటే ఈపాటికి చెండపుల్ల కాదు కదా, చెంచా పట్టలేరు. ఇవాళ్టి నుంచి మళ్ళీ మొదలుపెట్టండి, నొప్పి బిళ్ళ జోలికి పోకండి, పట్టీ కింద మెత్తటి గుడ్డ వేసుకోండి. పూరానికి నిలబడొచ్చు" అన్నాడు.

సౌదామిని గోడవైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. చివరగా డాక్టరు ఆయన చొక్కా ఎత్తి పరీక్షగా చూసి, పాత మచ్చలు పచ్చబడుతున్నాయనీ, వీపు మీద కొత్తదేమీ లేదనీ రాసుకున్నాడు.

ఉండదు మరి, ఆవిడ కొట్టేనాటికి ఆయన ఒంట్లో మాత్ర లేదు.