నాలుగున్నర నక్షత్రాల దగ్గు

ఆ రోజుకు భూపేష్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కాఫీ, ఏడున్నరకు ఆల్బం వినడం, తొమ్మిదిన్నరకు సమీక్ష పూర్తి చేయడం, పదింటికి దాన్ని హైదరాబాదులో మధులతకు పంపడం. మధులత ఒక సంగీత వెబ్ పత్రికకు సంపాదకురాలు. సినిమాల జోలికి పోకుండా సొంతంగా సంగీతం కట్టుకునే బ్యాండ్ల మీద భూపేష్ రాసిన రెండు సమీక్షలు ఆమెకు నచ్చాయి. మూడోది కూడా నచ్చితే నెలనెలా కాలమ్ అతనిదే. వేంపల్లెలో కూర్చుని ఊరూరి బ్యాండ్లకూ నక్షత్రాలు పంచడమంటే మాటలా! ఆ కాలమ్ తనకు కాకపోతే ఇంకెవరికీ రాకూడదని భూపేష్‌కు గట్టి నమ్మకం. అతనికున్న నమ్మకాలన్నీ గట్టివే.

వినాల్సిన ఆల్బం పేరు 'దప్పిక'. కర్నూలులో నలుగురు కలిసి పెట్టుకున్న 'నాపరాయి' అనే బ్యాండ్ చేసింది. "అన్నా, దీంట్లో పాట ఉండదు, మాట ఉండదు. మన నేల చేసే చప్పుడే ఉంటాది. ఇంకా ఎవరికీ వినిపియ్యలేదు, నీకే మొదలు," అని బ్యాండ్ నడిపే శివజ్యోతి ముందురోజే ఫోన్లో చెప్పింది. తెల్లారేసరికి ముప్పై ఆరు నిమిషాల ఫైలు వాట్సాప్‌లో వచ్చి ఉంది. ఇంకా విడుదల కాలేదు కాబట్టి పేరు పెట్టకుండా ఉత్త అంకెలతో పంపింది.

సరిగ్గా అప్పుడే తోట నుంచి అతని నాయన ఓబుళేశు ఫోన్ చేశాడు.

"రేయ్ భూపా, మన బోరు మోటరు సౌండు తేడాగా ఉండాదిరా. రికార్డు చేసి నీకు పంపినా. దాన్ని మహానందికి పంపియ్యి. చీనీ చెట్లు వాడిపోతాండాయి, బిన్నా, తొందరగా కానీ!"

మహానంది ఆ చుట్టుపక్కల బోరు మోటార్లకు పెద్ద డాక్టరు లాంటివాడు. మనిషి రావాలంటే మూడు రోజులు పడుతుంది కాబట్టి రైతులంతా మోటరు చప్పుడు ఫోన్లో పట్టి పంపుతారు. అతను విని రోగమేమిటో చెబుతాడు. ఓబుళేశు ఫోనును బోరు గట్టు మీద పెట్టి, రికార్డింగ్ నొక్కి, బత్తాయి చెట్ల పాదులు సరిచేస్తూ దాని సంగతే మరిచిపోయాడు. ఒక్క నిమిషం సరిపోయే చోట ముప్పై ఎనిమిది నిమిషాల మోటరు తయారైంది. దానికీ అంకెల పేరే.

భూపేష్ ఒక చేత్తో కాఫీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో ఒక ఫైలును మహానందికి పంపేశాడు. ఇంకోదాన్ని స్పీకర్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఏది ఎటు పోయిందో ఒకసారి చూసుకోవాలని అతనికి తోచలేదు.

ఇరవై నిమిషాలు దాటాక అమ్మ నాగలక్ష్మమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఏమిరా, ఇంట్లో మోటరు తిరుగుతాండాదే?"

"మోటరు కాదుమా, సంగీతం. నీకు అర్థం కాదులే."

స్పీకర్లో ఎవరో గట్టిగా దగ్గారు. నాగలక్ష్మమ్మ చెయ్యి తుడుచుకుంటూ గడప దాటి వచ్చింది.

"అది మీ నాయన దగ్గు మాదిరుండాది కదరా!"

"అట్లనిపించాల్లనే పెట్టినారుమా. ప్రతి ఒక్కరికీ వాళ్ల నాయన గుర్తుకు రావల్ల. అదే కళంటే."

"ఏమో నాయనా. నాకు మాత్రం ఆయప్పకు మిరియాల కషాయం కాచియ్యాలని గుర్తొస్తాండాది," అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

భూపేష్ కలం, అదే, కీబోర్డు, పరుగులు తీసింది. 'ఒకే శ్రుతిని ఇంతసేపు పట్టి నిలబెట్టే ధైర్యం ఈ తరంలో ఎవరికుంది? పద్దెనిమిదో నిమిషం నుంచి గొంతులో ఇసుక పడినట్టు గరగర మొదలవుతుంది. అడుగున ఏదో నేలకు రాసుకుంటున్నట్టు వినిపిస్తుంది. ఇరవై రెండో నిమిషంలో ఒక పెద్దాయన దగ్గుతాడు. ఆ ఒక్క దగ్గులో ఈ సీమ దప్పికంతా ఉంది.' చివర నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చాడు. అయిదూ ఇచ్చేవాడే గానీ విమర్శకుడన్నాక ఒక అర నక్షత్రం తన దగ్గరే ఉంచుకోవాలి.

మధులతకు సమీక్ష తెగ నచ్చింది. పదిన్నరకల్లా పత్రికలో పెట్టేసింది. పదకొండుకు అది వందలమంది ఫోన్లలో తిరుగుతోంది. 'ఆ దగ్గు వినాలి' అని జనం కింద వ్యాఖ్యలు రాస్తున్నారు. భూపేష్ వాటిని చదువుకుంటూ ఉండగా మళ్లీ నాయన ఫోన్.

"రేయ్, మహానంది ఏం చెప్పినాడో తెల్సునా? మన బోర్లో ఒకటి కాదంట, నాలుగు మోటార్లు తిరుగుతాండాయంట! తన జన్మలో ఇట్లాంటిది ఇన్లేదని పనంతా ఇడిచిపెట్టి వస్తాండాడు. మిగతా మూడు ఎవరివో నాకు ఎరికే. పక్కచేని రంగస్వామి దొంగబోర్లు ఏసినాడు. నేను మోటరు పైకి తీపిస్తాండా, ఆయప్పను నిలదీస్తాండా!"

"సరే నాయనా, మంచిది," అన్నాడు భూపేష్, ఇంకో మెచ్చుకోలు చదువుతూ.

ఫోన్ పెట్టాడో లేదో శివజ్యోతి.

"అన్నా, రివ్యూ శానా బాగుండాది. ఒక్క మాట. ఆ దగ్గు యాడుండాదన్నా?"

"ఇరవై రెండో నిమిషంలో."

"మా దాంట్లో దగ్గు లేదన్నా."

"చేసినవాళ్లకు తాము చేసిందాంట్లో ఏముండాదో పూర్తిగా తెలియదు శివజ్యోతీ. చెప్పడానికే మా మాదిరి వాళ్లుండేది."

"తెలియకుండా దగ్గెట్ల వస్తాదన్నా? ఏసీ గదిలో తలుపులేసుకుని రికార్డు చేసినాం. ఇంకోటి, మా ఆల్బం ముప్పై ఆరు నిమిషాలే. నువ్వు ముప్పై ఎనిమిదని రాసినావు."

భూపేష్ మహానందికి పంపిన ఫైలు తెరిచి చూశాడు. ముప్పై ఆరు నిమిషాలు. నాలుగు మోటార్లంటే ఏమిటో, ఆ దగ్గు ఎవరిదో, అమ్మ ఎంత మంచి విమర్శకురాలో, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. బైకు తీసి తోటకు పరుగెత్తాడు.

అప్పటికే మోటరు పైకి వచ్చేసింది. పైపులన్నీ చీనీ చెట్ల మధ్య పరిచి ఉన్నాయి. గట్టుకు అటు రంగస్వామి, ఇటు ఓబుళేశు నిలబడి ఒకరి తాతముత్తాతలను ఒకరు తలుచుకుంటున్నారు. మహానంది మాత్రం చెట్టు నీడన కూర్చుని ఫోను చెవికి ఆనించి 'దప్పిక'ను మూడోసారి వింటున్నాడు.

భూపేష్ అందరి ముందూ జరిగిందంతా చెప్పేశాడు. తాను చెబుతున్నది శివజ్యోతికి కూడా వినిపించాలని ముందే ఆమెకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాడు.

"ఏమప్పా, ఇది పాటా?" అన్నాడు మహానంది నమ్మలేనట్టు. "పాటైతే ఇంకా కష్టమే. స్టార్టింగు బాగుండాది. ఆడినుంచి నాలుగూ ఒకదాని మాట ఒకటి ఇనవు. ఆ మూడోది ఉత్త పుణ్యానికి తిరుగుతాండాది, దాన్ని తీసేస్తే మిగతా మూడూ సుఖంగా తిరుగుతాయి. సగం దాటినాక చప్పుడే గానీ చుక్క నీళ్లు రాలేదు."

"అన్నా," అంది ఫోన్లోంచి శివజ్యోతి, "మూడో గిటారు వద్దని ఆర్నెల్లుగా మావాళ్లకు మొత్తుకుంటాండా. ఆయప్ప ఎవరో గానీ శానా తెలిసినోడు."

ఓబుళేశు గట్టు దిగి వచ్చాడు. "అది సరే. నా మోటరు గురించి ఏం రాసినావురా?"

భూపేష్ గొణుగుతూ చదివాడు. 'నేలకు రాసుకుంటున్నట్టు' దగ్గరికి రాగానే మహానంది చెయ్యెత్తి ఆపాడు. "ఆగప్పా! అడుగున నేలకు రాసుకుంటాండాదని రాసినావా? అయితే మోటరు అడుగుకు ఆనింది, ఇసుక లాగుతాండాది. రెండు పైపులు తగ్గించి దించండి, సరిపోతాది. ఇంత వివరంగా నాకు ఏ రైతూ చెప్పలేదు."

మూడింటికి మోటరు దిగింది. నీళ్లు తెల్లగా, నిండుగా పాదుల్లోకి పారాయి. రంగస్వామి కూడా వచ్చి చూసి, తిట్లు వెనక్కి తీసుకోకుండానే దోసిలి పట్టి తాగాడు.

కాలమ్ పోయిందనే అనుకుని భూపేష్ మధులతకు తానే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఆల్బం మీద మహానంది గారు అన్నవీ, మోటరు మీద నువ్వు రాసినవీ పక్కపక్కన వేద్దాం. కాలమ్ నీదే. కానీ ఇక నుంచి ఆయన వినకుండా నువ్వు ఒక్క నక్షత్రం కూడా ఇవ్వకూడదు," అంది. భూపేష్ వెంటనే ఒప్పుకున్నాడు. ఇలా అవుతుందని తనకు ముందే గట్టి నమ్మకం ఉందని అమ్మతో అన్నాడు కూడా.

వారం తర్వాత శివజ్యోతి మళ్లీ ఫోన్ చేసింది. మూడో గిటారు తీసేశారట. కానీ సమీక్ష చదివినవాళ్లంతా దగ్గు లేకపోతే ఆల్బం వద్దంటున్నారట. అందుకని ఓబుళేశును ఒక్క పూట కర్నూలుకు పిలుచుకు రమ్మంది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, నాగలక్ష్మమ్మ కాచిన మిరియాల కషాయం తాగి, దారి పొడవునా కారులో దగ్గుతూనే వెళ్లాడు.

తీరా మైకు ముందు నిలబడ్డాక ఓబుళేశుకు దగ్గు రాలేదు.