గున్న ఇల్లు చేరిందా?

ఒక పెద్ద అడవిలో పొద్దు వాలేసరికి పనులన్నీ ఆగిపోయేవి. పులి వేట మానేసేది, జింక పరుగు మానేసేది. రెండూ పక్కపక్కనే కూర్చుని మెడలు చాపేవి. ఎందుకంటే, సరిగ్గా ఆ వేళకి నల్లరాతి గుట్ట మీద కొండముచ్చు పేరయ్య తాత తన ధారావాహిక మొదలుపెట్టేవాడు.

పేరయ్య తాత అన్ని వేషాలూ తనే వేసేవాడు. తోక నెత్తిన కప్పుకుంటే అత్తగారు, నడుముకి చుట్టుకుంటే కోడలు. కథ మంచి పట్టులో ఉండగా తోక జాడించి, "మిగతాది రేపు" అని గుట్ట వెనక్కి దూకేసేవాడు. కింద ఉన్నవాళ్ళంతా "అబ్బా, ఈ తాత!" అని తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఇళ్ళకి పోయేవాళ్ళు.

ఆ ఏడాది కథ ఒక ఏనుగు గున్నది. వరదలో తల్లినుంచి తప్పిపోయి, ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతోంది.

అందరికన్నా ముందు వరసలో కూర్చునేది కుందేలు బుల్లెమ్మ. వెనకటి వానల్లో ఆమె కడగొట్టు బిడ్డ ఇలాగే తప్పిపోయి, రెండు పూటల తర్వాత ముళ్ళపొదలో దొరికాడు. అప్పట్నించీ తప్పిపోయిన బిడ్డ మాట వింటే చాలు, ఆమెకి గడ్డి గొంతు దిగదు.

ఒక సాయంత్రం గున్న ఏటిగట్టు అంచున నిలబడింది. కాలు జారింది. "మిగతాది రేపు!" అన్నాడు తాత.

బుల్లెమ్మ ప్రాణం అక్కడే ఉండిపోయింది. రేపటిదాకా ఎలా ఆగడం? చిలకల తంతిలో అడిగి చూద్దామనుకుంది.

ఇక్కడ చిలకల తంతి అంటే ఏమిటో చెప్పాలి. ఆ అడవిలో చెట్టుకో రామచిలక ఉండేది. మీరు మీ చెట్టు చిలకతో ఒక మాట చెబితే, అది పక్క చెట్టు చిలకతో చెబుతుంది, అది ఆ పక్కదానితో. మీరు నోట్లో గడ్డి నమిలి మింగేలోపు మాట అడవంతా తిరుగుతుంది. అయితే చిలకలకి ఒక గుణం ఉంది. మెత్తటి మాట అయితే మూడో చెట్టు దగ్గరే వదిలేస్తాయి. తగువు అయితే అడవి చివరిదాకా మోసుకెళ్ళి, రెట్టింపు చేసి వెనక్కి తెస్తాయి.

బుల్లెమ్మ తన చిలకతో మెత్తగానే చెప్పింది. "గున్నకి ఏం కాదు కదండీ? తెలిసినవాళ్ళు కాస్త చెబుదురూ."

జవాబులు రాకపోలేదు. ఒక ఉడత "శుభ సాయంత్రం" అని పువ్వు పంపింది. ఒక దుప్పి "నాక్కూడా తెలియాలి" అంది. తాబేలు పోయిన వర్షాకాలం కథ గురించి చాలా వివరంగా చెప్పింది.

పొద పక్కనుంచి వెళ్తున్న నక్క గవర్రాజు ఇదంతా విని నవ్వాడు.

"అడిగితే ఎవరు చెబుతారక్కా? ఈ అడవిలో అడిగినవాళ్ళకి చెప్పే ఓపిక ఎవరికీ లేదు. తప్పు చెప్పినవాళ్ళని దిద్దే ఓపిక మాత్రం అందరికీ ఉంది."

"అంటే ఏం చెయ్యమంటావు తమ్ముడూ?"

"గున్న చచ్చిపోతుంది, నాకు ఖాయంగా తెలుసు అను. తెలిసినవాడెవడో రొప్పుకుంటూ వచ్చి, నీకేం తెలుసే అని అసలు సంగతి నీ మొహాన కొట్టిపోతాడు. నీ పని అయిపోతుంది."

"ఛీ, పసిదాన్ని పట్టుకుని అంత మాట ఎలా అనను?"

"ఒక్క మాటేగా! రేపు దులిపేసుకోవచ్చు."

బుల్లెమ్మ కళ్ళు మూసుకుని ఆ మాట అనేసింది.

కళ్ళు తెరిచేసరికి అడవి అట్టుడికిపోతోంది.

"ఎవత్తే ఆ కుందేలు?" అని గుహలోంచి లేచాడు ఎలుగుబంటి సింహాచలం. "మా గున్న మీద ఈగ వాలినా ఊరుకోను!" తెల్లారేలోపు గున్న రక్షణ సేన తయారైంది. బంకమట్టితో గున్న బొమ్మ నిలబెట్టి తేనెతో అభిషేకం చేశారు. చేసి, ఆగలేక, వాళ్ళే నాకేశారు.

సింహాచలం అంటే పడనివాళ్ళు కూడా అడవిలో తక్కువేం లేరు. అడవిపందులన్నీ ఒక్కటై బుల్లెమ్మ పొద ముందుకొచ్చాయి. "సరిగ్గా చెప్పారండీ! గున్న చావాల్సిందే. మాకూ మొదట్నించీ అదే అనుమానం." అక్కడికక్కడే బుల్లెమ్మ అభిమాన సంఘం పెట్టేశాయి. బుల్లెమ్మని అధ్యక్షురాలిని చేశాయి, గవర్రాజు కార్యదర్శి అయ్యాడు.

అసలు కథ తెలిసినవాడు మాత్రం రాలేదు. ఎలా వస్తాడు? తెలిసినవాడు పేరయ్య తాత ఒక్కడే. ఆయనుండే గుట్ట మీద చిలక లేదు.

"తమ్ముడూ, నేను ఊరికే అన్నానని చెప్పేస్తా," అంది బుల్లెమ్మ.

"ఇప్పుడా? పొద ముందు చూడు, ఎన్ని దుంపలు తెచ్చి పోశారో. కాదంటే అవన్నీ ఏ మొహంతో వెనక్కిస్తావు?"

బుల్లెమ్మ దుంపల వైపు చూసింది. పుట్టి బుద్ధెరిగాక అడవిపంది ఒకటి ఆమెని "అండీ" అనడం ఇదే మొదలు. కాదనడానికి నోరు రాలేదు. అక్కడే ఆమె తప్పటడుగు వేసింది.

మర్నాడు సాయంత్రం గుట్టకి ఎడమవైపు సేన, కుడివైపు సంఘం. పేరయ్య తాత గొంతు సవరించుకుని, "గున్న..." అన్నాడు.

"ఇల్లు చేరకపోతే గుట్ట కూల్చేస్తాం!" అన్నారు ఎడమవైపు.

"చేరిందో, నీ తోక నీది కాదు!" అన్నారు కుడివైపు.

తాత తోక సర్దుకున్నాడు. "గున్న... ఇంకా జారుతోంది," అన్నాడు.

ఆ సాయంత్రమంతా గున్న మొహం మూడుసార్లు చూపించాడు, ఏటి మొహం మూడుసార్లు చూపించాడు, పక్కనున్న బండరాయి మొహం కూడా చూపించాడు. మధ్యమధ్యలో ఉరుములు తనే ఉరిమాడు. "మిగతాది రేపు!"

వానలు వెళ్ళాయి, మంచు వచ్చింది. గున్న ఇంకా జారుతూనే ఉంది. ఇక్కడ వింత ఏమిటంటే, ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అందరూ గుట్టకి వీపు పెట్టి, ఎదుటివాళ్ళు ఏమంటున్నారో చూస్తూ కూర్చునేవారు. ఇంత ఆదరణ పొందిన కథ అడవిలోనే లేదని సింహరాజు పేరయ్య తాత మెడలో దండ కూడా వేశాడు. రాజుగారు ఒక్క రోజు కూడా చూసిన పాపాన పోలేదు.

బుల్లెమ్మకి తిండి సయించడం లేదు. పొద్దున లేస్తే గున్న ఎలా చస్తుందో సంఘానికి కొత్తగా చెప్పాలి. పొదలోకొస్తే కడగొట్టువాడు చెవి పట్టుకుని లాగేవాడు.

"అమ్మా, గున్న నిజంగా చచ్చిపోతుందా?"

"చావదురా నాన్నా, పడుకో."

"మరి బయట చస్తుందంటావేం?"

"అది బయట మాట. నువ్వెక్కడా అనకు."

చివరికి ఒక మధ్యాహ్నం వాగు దగ్గర పేరయ్య తాత ఒంటరిగా దొరికాడు. నీళ్ళు తాగుతూ ఓరగా చూశాడు.

"ఎవరూ, అధ్యక్షురాలుగారా? దయచెయ్యండి."

"ఎగతాళి చెయ్యకు తాతా. నీ కాళ్ళు పట్టుకుంటా. గున్న ఏమైంది?"

"నన్నడుగుతావేమిటే! ఖాయంగా తెలుసన్నావుగా. నేనే నిన్నడిగి తెలుసుకుందామనుకుంటున్నా."

బుల్లెమ్మ బావురుమంది. తెలియకే అన్నాననీ, తెలుసుకుందామనే అన్నాననీ మొత్తం చెప్పింది. తాత కాసేపు తల గోక్కున్నాడు.

"ఓసి పిచ్చిదానా! జారిన కాలికి మద్దిచెట్టు వేరు తగులుతుంది. అది పట్టుకుని పైకొస్తే ఎదురుగా వాళ్ళమ్మ. మర్నాడు సాయంత్రమే చెప్పాల్సింది. ఒక్క రోజు ఆగి ఉంటే వినేసేదానివి. ఇప్పుడు ఎలా చెప్పను? ఏది చెప్పినా తంతారు."

బుల్లెమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. గెంతుకుంటూ వెళ్ళి చిలక చెవిలో అరిచింది. "గున్న బతికింది! ఇల్లు చేరింది! నేనన్నది తప్పు!"

ముందుగా అడవిపందులు వచ్చాయి. "అమ్ముడుపోయావా? ఏవే మా దుంపలు?" ఆ సాయంత్రానికి గవర్రాజే అధ్యక్షుడయ్యాడు.

సింహాచలం సంతోషిస్తాడనుకుంది. అతను ఇంకా మండిపడ్డాడు. "గున్న ఇల్లు చేరుతుందని చెప్పడానికి నువ్వెవరు? అది మా మాట! ఇందులో ఏదో ఎత్తు ఉంది, ఎవరూ నమ్మకండి!"

సేనా సంఘమూ మొదటిసారి ఒకే వైపు నిలబడి, ఒకే గొంతుతో బుల్లెమ్మని తిట్టడం మొదలుపెట్టాయి. అడవి అడవంతా ఆమెవైపే తిరిగింది.

పేరయ్య తాత గుట్టెక్కి చూశాడు. తనవైపు ఒక్క కన్ను లేదు. ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ దొరకదనుకున్నాడు. కాలికి వేరు తగిలించాడు, గున్నని పైకి లాగాడు, తోకని తొండంలా చాపి తల్లి వేషం కట్టాడు. ఎంత బాగా కట్టాడో! చూసింది మాత్రం ముందు వరసలో కూర్చున్న బుల్లెమ్మ పిల్లలు, తిట్లు తింటూనే గుంపు కాళ్ళ సందుల్లోంచి మెడ చాపిన బుల్లెమ్మ. తల్లి తొండం గున్న వీపు మీద పడగానే ఆమె కడుపు నిండిపోయింది.

మర్నాడు తాత పావురాల కథ ఎత్తుకున్నాడు. అడవికి దిక్కు తోచలేదు. గున్న చచ్చిందా, బతికిందా? ఎవరూ చూడలేదు. కాబట్టి వాదన ఇంకా బాగా సాగింది.

గవర్రాజు పరుగున వచ్చాడు. "అక్కా, నువ్వు చూశావట కదా! ఏమైందో ఒక్క మాట చెప్పు. మళ్ళీ నిన్నే అధ్యక్షురాలిని చేస్తాం."

"నాకేం తెలుసు తమ్ముడూ," అంది బుల్లెమ్మ లేతగడ్డి తుంచుకుంటూ. "నేను కథ చూశానంతే."

నీతి: తెలియనప్పుడు గట్టిగా చెప్పండి, తెలిశాక మేత మేయండి.