జిప్పు లేని మనిషి

ఆ బుధవారం ఉదయం రొవీనా టటిల్ పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదు. పెందలాడే బర్బ్యాంక్ స్టూడియోకి చేరాలి. లైట్లు సర్దేటప్పుడు హీరోయిన్ నిలబడాల్సిన చోట తాను నిలబడాలి. మధ్యలో సందు చూసుకుని, ఏదో ఒక సీన్లో తన మొహం కెమెరా వైపు ఉండేలా కూర్చోబెట్టమని డైరెక్టర్ని అడగాలి. ఏళ్ల తరబడి జూనియర్ ఆర్టిస్టుగా చేస్తున్నా తెర మీద ఆమె వీపు తప్ప మరేదీ పడలేదు. బస్సులో వీపు, పెళ్లిలో వీపు, కోర్టులో వీపు. లావుగా ఉన్నవాళ్లని ఇటు తిప్పితే జనం నవ్వడానికి సిద్ధమైపోతారని ఒక పెద్దమనిషి ఆమెకి ఓపిగ్గా నచ్చజెప్పాడు కూడా. ఫ్రెస్నోలో ఉన్న అక్క వెల్మా ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, ఈసారైనా కనబడతావా అని అడుగుతుంది. వారం మొత్తంలో రొవీనాకి మోగే ఫోన్ అదొక్కటే.

అక్కడ తీస్తున్న టీవీ సిరీస్ డోరిస్ అనే లావుపాటి ఒంటరి స్త్రీ కథ. ఆ వేషానికి ఈ ఊరు ఊరంతా గాలించినా లావుపాటి స్త్రీ దొరకలేదట! అందుకని రివటలాంటి కమిలా వాస్‌ని పెట్టుకున్నారు. చలికాలంలో రొవీనాని పిలిచి, పాదాల నుంచి బుగ్గల దాకా అచ్చు తీసి, కమిలా ఒంటికి రబ్బరు తొడుగు, మొహానికి అతికించే ముక్కలు తయారుచేశారు. ఒళ్లు తెర మీదికి పనికొచ్చింది. మనిషి మాత్రం లైట్ల కింద నిలబడడానికి పనికొచ్చింది. రొవీనా దానికే సంతోషించింది, ఆమె తత్వమే అంత.

కమిలాకి ఒక నియమం ఉంది. తొడుగు వేసుకున్నాక తనని ఎవరూ అసలు పేరుతో పిలవకూడదు. తాను ఎవరినని చెప్పుకుంటే వాళ్లే అనుకుని తలూపాలి. పాత్రలోంచి బయటికి లాగినవాడి ఉద్యోగం ఊడినట్టే. ఆ ఉదయం ఆమె వేషం పూర్తి చేసుకుని, జిగురుకి ఒళ్లు మండుతోందని క్యారవాన్లో ఏసీ కింద పడుకుంది. సరిగ్గా అప్పుడే రొవీనా, లైటింగ్ కోసం ఇచ్చిన డోరిస్ పూల గౌనుకి గుండీ ఊడితే, పిన్నీసు వెతుక్కుంటూ మేకప్ గదిలోకి వెళ్లింది. అసిస్టెంట్ డైరెక్టర్ ట్రెంట్ తలుపు సందులోంచి తొంగి చూశాడు.

"తయారైపోయారా డోరిస్ గారూ? రండి, అందరూ మీకోసమే చూస్తున్నారు."

"నేను డోరిస్‌ని కాదు బాబూ, రొవీనాని. పిన్నీసు కోసం వచ్చా."

ట్రెంట్‌కి ఒళ్లు గగుర్పొడిచింది. అలాగేనండి రొవీనా గారూ అంటూ చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దించాడు. మేడమ్ ఇవాళ మరీ లోతుకి దిగిపోయారు, తనని తాను జూనియర్ ఆర్టిస్టు అనుకుంటున్నారు, గొంతు కూడా మార్చేశారు, ఎవరూ కాదనకండి అని వాకీటాకీలో గుసగుసగా అందరికీ చెప్పాడు.

ఆ తర్వాత రొవీనా ఎంత మొత్తుకుంటే అంత మర్యాద జరిగింది. నిన్నటిదాకా ఆమెని స్తంభంలా తప్పుకుని నడిచినవాళ్లు ఎండ పడకుండా గొడుగు పట్టారు. కాస్ట్యూమ్స్ అమ్మాయి వీపంతా తడిమి, ఎంత బాగా కలిపేశారో, జిప్పు జాడే తెలియడం లేదని మెచ్చుకుంది. డైరెక్టర్ మార్గో వచ్చి పక్కన కూర్చుని, ఎక్కడుంటావమ్మా అని అడిగింది.

"రెసీడాలో. ఒక్కదాన్నే. మీలాంటివాళ్ల సినిమాల్లో వీపు చూపిస్తుంటాను."

మార్గో గుండె మీద చెయ్యి వేసుకుంది. స్క్రిప్టులో లేని జీవితం మొత్తం ఈ పిల్ల సొంతంగా కట్టుకుందని పక్కవాళ్లతో అంది. రొవీనా ఇక వాదించడం మానేసింది. నిజం చెప్పాలంటే ఆమెకి బాగుంది కూడా. ఎక్కడుంటావని అక్క తప్ప ఇంకో మనిషి అడిగి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు.

ఈలోగా అసలు కమిలా నిద్రలేచి వచ్చింది. ఏళ్ల తర్వాత మొదటిసారి ధైర్యం చేసి టీ బల్ల మీది డోనట్ అందుకోబోతే, అక్కడున్న అమ్మాయి చిరునవ్వుతో పళ్లెం పక్కకి జరిపి, పళ్లు తినమ్మా, ఒంటికి మంచిది అంది. నేను కమిలాని అంటే నవ్వింది. ట్రెంట్ పరుగెత్తుకొచ్చాడు.

"రొవీనా, ఇక్కడేం చేస్తున్నావ్? లైటింగ్ ఎప్పుడో అయిపోయింది. వెళ్లి వెనక టేబుల్ దగ్గర కూర్చో. కెమెరాకి వీపు పెట్టు, తెలుసుగా."

తనతో ఆ గొంతుతో మాట్లాడగలిగే మనిషి ఒకడున్నాడని కమిలాకి ఆ రోజే తెలిసింది. ఆ విస్మయంలో వెళ్లి కూర్చుంది.

సీన్లో మాటలు లేవు. డోరిస్ పుట్టినరోజు. హోటల్లో ఒంటరిగా ఆపిల్ పై ముక్క తింటూ వెక్కి వెక్కి ఏడవాలి. రొవీనా ఏడవలేదు. ఒంటరిగా తినడం ఆమెకి కొత్తా? ఎదురు కుర్చీ బోసిగా కనబడకుండా రోజూ చేసినట్టే చేతిసంచీ అందులో పెట్టింది. ఆ సంచీ జారిపోతే సర్ది కూర్చోబెట్టింది. ఆ ముక్కని సగానికి కోసి, తన సగం తిని, నాప్కిన్ నాలుగు మడతలు పెట్టింది. లైట్లవాడు ముక్కు తుడుచుకున్నాడు. కట్ చెప్పడం మార్గోకి గుర్తు రాలేదు.

ఆ నిశ్శబ్దంలో వెనక టేబుల్ దగ్గర కమిలా లేచి, పట్టలేని కోపంతో కుడి బుగ్గ ఊడబెరికి నేలకేసి కొట్టింది. అందరూ ఆమెని చూశారు, రొవీనాని చూశారు.

"అందుకే జిప్పు లేదు," అంది కాస్ట్యూమ్స్ అమ్మాయి.

జిగురుకి మొహం దద్దుర్లెక్కిన కమిలా ఆ సీన్ మళ్లీ చేసేది లేదని వెళ్లిపోయింది. మార్గో రొవీనాని పక్కకి పిలిచింది.

"ఈ షాట్ ఉంచుతాను. కానీ చేసింది కమిలానే. నువ్వు నోరు విప్పావంటే తీసెయ్యాల్సి వస్తుంది."

రొవీనా మానిటర్ వైపు చూసింది. అందులో తన మొహం ఇటు తిరిగి ఉంది. అంత పెద్దదిగా, అంత వెలుగులో ఎవరూ దాన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఉంచండి," అంది.

ఆకురాలు కాలంలో సిరీస్ వచ్చింది. కమిలా నటనని అందరూ ఆకాశానికెత్తారు. హోటల్ సీన్లో మాత్రం మేకప్ అతిగా ఉందని, అలాంటి మెడ మనుషులకి ఉండదని ఒక విమర్శకుడు రాశాడు.

ఆదివారం వెల్మా ఫోన్ చేసింది. రొవీనా సూప్ ముందు కూర్చుని ఉంది.

"మొత్తం చూశానే. ఆ హోటల్ సీన్లో కమిలా, ఆ వేషంలో అచ్చం మన అమ్మేననుకో. సంచీ కుర్చీలో కూర్చోబెట్టింది చూడు, ఏడుపాగలేదు నాకు. ఏం నటనే తల్లీ అది!"

రొవీనా చెంచా కింద పెట్టింది.

"వెనక టేబుల్ దగ్గర ఒక వీపు కనబడింది. అది నువ్వేగా? చూడగానే పోల్చేశాను."

ఎదురు కుర్చీలో జారిపోతున్న సంచీని రొవీనా సర్ది కూర్చోబెట్టింది.

"నాదేనక్కా," అంది. అచ్చు తనదే కదా, అందులో అబద్ధం కూడా లేదు.