నడి సముద్రంలో నెట్టు దొంగ

ఇలా రా, ఆ కుర్చీ కాస్త దగ్గరికి లాక్కుని కూర్చో. చేతిలో ఉన్న ఆ ఫోన్ పక్కన పెట్టు. ఈ కథ అయ్యేలోపు అదేమీ బెంగ పెట్టుకోదులే. ఇది ఒక టైలరుగారి కథ, ఆయన భార్య కథ. పెద్ద ఓడ ఎక్కి ఒకరికి తెలియకుండా ఒకరు వెలగబెట్టిన నిర్వాకం.

ఆ రోజు ఉదయం ఓడలో ఫలహారాల బల్ల దగ్గర ఇద్దరూ ఎంతో మర్యాదగా మాట్లాడుకున్నారు. జుట్టు నెరిసిన మొగుడూ పెళ్ళాలు అంత మర్యాదగా మాట్లాడుకున్నారంటే ఎక్కడో ఏదో ఉందన్నమాటే.

"నేనలా పైకెళ్ళి కాసేపు నడిచొస్తానండీ. మోకాళ్ళు పట్టేశాయి," అంది ఆమె.

"వెళ్ళు వెళ్ళు. తొందరేం లేదు. నేను క్షవరం చేయించుకుంటా."

"ఓడ ఎక్కేముందేగా చేయించుకున్నారు?"

"ఈ గాలికి తొందరగా పెరుగుతోందే."

ఇంకో రోజైతే ఆ ఒక్క మాట పట్టుకుని ఆయన్ని ఉతికి ఆరేసేది. ఆ రోజు మాత్రం "అవునులెండి, ఉప్పు గాలి కదా," అని లేచి వెళ్ళిపోయింది. ఆమె అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు ఆయనకు అనుమానం రావాలి. రాలేదు. తన అబద్ధం నెగ్గిందన్న సంబరంలో ఉన్నవాడికి ఎదుటివాళ్ళ అబద్ధం కనబడదు.

అసలు సంగతేమిటంటే, వాళ్ళకు ఒక్కతే కూతురు. దుకాణంలో ఆయన గుడ్డ కత్తిరిస్తాడు, ఆమె కాజాలూ గుండీలూ చూస్తుంది, మిషను మీద కుట్టేది కూతురు. ఆ పిల్ల ఒక చొక్కా కుడుతుంటే వెనక నుంచి ఒకరు "దారం బిగిసిందే," అంటారు, ఇంకొకరు "కాలరు వంకర పోతోందే," అంటారు. ఆ పిల్ల పనితనం చూసి రెడీమేడ్ బట్టల కంపెనీవాళ్ళు వచ్చి మా దగ్గర చేరమ్మా అని అడిగారు. అప్పుడు ఆ పిల్ల అమ్మానాన్నల్ని ఓడ ఎక్కించి, గట్టు మీద నిలబడి ఒకే మాట చెప్పింది.

"ఈ వారం కొట్టు నాది. బడిపిల్లల యూనిఫాంలన్నీ నేనొక్కదాన్నే కుట్టేస్తా. మీరు ఫోన్ చేయకూడదు, కెమెరాలో చూడకూడదు, ఎవర్నీ పంపి వాకబు చేయించకూడదు. ఒక్కసారి వేలు పెట్టారో, నేను కంపెనీలో చేరిపోతా. తర్వాత కొట్టు తాళాలు ఎవరికిచ్చుకుంటారో మీ ఇష్టం."

ఇద్దరూ తలలూపారు. ఒట్టు కూడా వేశారు. ఆ పిల్ల మాటంటే మాటే. తండ్రి మొండితనానికి తల్లి పంతం కలిపి కుట్టిన మనిషి. ఆ పిల్ల వెళ్ళిపోతే జీవితమంతా పోసి నిలబెట్టిన దుకాణానికి వెనక మనిషి ఉండడు. అది ఇద్దరికీ తెలుసు. తెలిసీ ఏం చేశారో విను.

నడి సముద్రంలో మామూలు ఫోన్ పలకదు. పైనెక్కడో ఆకాశంలో తిరిగే ఉపగ్రహం నుంచి ఓడవాళ్ళు నెట్టు దింపుకుని ప్రయాణికులకు ఇస్తారు. టైలరుగారు ఓడ ఎక్కిన సాయంత్రమే నెట్టు కౌంటరు ముందు తేలాడు.

"గదికి ఒక కనెక్షన్ సార్," అంది కౌంటరులో అమ్మాయి. "ఫోన్లో గది నంబరూ, మీ ఇంటిపేరూ కొడితే చాలు. కానీ ఒకసారికి ఒక్క ఫోనే. రెండో ఫోన్ లోపలికొస్తే మొదటిది బయటికి పోతుంది."

"రెండోదెక్కడిదమ్మా, నేనొక్కణ్ణే. మా ఆవిడకి మాత్రం చెప్పకు."

"మేం ఎవరికీ చెప్పం సార్. అదిక్కడి పద్ధతి."

మర్నాడు ఆయన భార్య గదిలో ఒంటరిగా కూర్చుని ఉండగా ఆమె ఫోన్లో ఓడవాళ్ళ పేజీ దానంతటదే వచ్చింది. గది నంబరు అడిగింది, కొట్టింది. ఇంటిపేరు అడిగింది, కొట్టింది. దయచేయండి అంటూ తలుపు తెరుచుకుంది. సబ్బూ తువ్వాలూ ఇచ్చినట్టే ఇది కూడా గదితో పాటు ఊరికే ఇచ్చారు కాబోలు అనుకుందామె. మొగుడికి చెబితే ఒట్టు సంగతి ఎత్తుతాడని ఊరుకుంది.

ఇక ఆ ఉదయానికి వద్దాం. ఓడ పై అంతస్తులో పెద్ద పొగగొట్టం ఒకటుంది. దానికి ఇవతల టైలరుగారు, అవతల ఆయన భార్య. మధ్యలో గొట్టం ఉండబట్టి ఒకరికొకరు కనబడరు. ఇద్దరి ఫోన్లలోనూ దుకాణం కెమెరా తెరుచుకుని ఉంది. ఆ కెమెరా గోడ మూల నుంచి చూస్తుంటుంది. ఫోన్ మీద వేలితో ఎటు తోస్తే అటు తల తిప్పే రకం.

ఆయన చూసేసరికి కత్తిరింపు బల్ల తన చోట లేదు. కిటికీ కిందికి వెళ్ళింది. ఆయన గుండె కూడా దానితో పాటే జరిగింది. కెమెరాను బల్ల వైపు తిప్పి, కూతురు గుడ్డ ఎలా పరుస్తోందో చూడబోయాడు. ఫోన్ ఆయన్ని బయటికి నెట్టేసింది. "మీ కనెక్షన్‌తో వేరే ఫోన్ లోపలికి వచ్చింది," అని రాసి ఉంది.

అవతల లోపలికి వచ్చిన ఆమెకు కావలసింది గుండీల డబ్బా. కెమెరా చూస్తే బల్ల వైపు ఉంది. చిరాకు పడి ఎడమకు తోసింది. ఇంతలో ఆయన మళ్ళీ దూరాడు, ఆమె బయటికి పోయింది. ఆయన కెమెరాను కుడికి తోశాడు. ఆమె దూరింది, ఎడమకు తోసింది. ఇలా కాసేపు సాగింది.

ఆయనకు ఇది దొంగపని అనిపించింది. ఆమెకు ఓడ ఊగిసలాట అనిపించింది.

ఆమె తప్పు కూడా లేదు. నెట్టు పోయినప్పుడల్లా ఓడ కొంచెం పక్కకు ఒరిగినట్టే ఉంది మరి. పక్క కుర్చీలో ఒకావిడ కూడా ఫోన్ను విదిలిస్తూ విసుక్కుంటోంది.

"మీది కూడా పోయిందా అమ్మా?" అని అడిగింది టైలరుగారి భార్య.

"పొద్దుట్నుంచీ ఇదే గోల వదినా."

"నేను కనిపెట్టాను. ఓడ ఇటు ఒరిగితే పోతోంది. అందరం ఇటే కూర్చున్నాం చూడండి, బరువంతా ఇటే. కాస్త అటు సర్దుకుంటే సరి."

ఇద్దరూ అటు వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఆమె మళ్ళీ దూరింది కాబట్టి నెట్టు వచ్చింది. "చూశారా!" అంది. ఆ మాట నలుగురు విన్నారు. నలుగురు విన్నది నలభై మందికి పాకింది. కాసేపటికి మళ్ళీ నెట్టు పోయింది. "ఇప్పుడు మరీ ఎక్కువమంది వచ్చేశారు, సగం మంది ఇటు!" అంది ఆమె. జనం ఫోన్లు పట్టుకుని కుడికీ ఎడమకీ మందలా కదలసాగారు. అంత పెద్ద ఓడను కదిలించేంత బరువు వాళ్ళకు లేదు గానీ, చూసే కెప్టెనుకు ముచ్చెమటలు పోయించేంత ఉంది. ఆయన మైకు అందుకున్నాడు.

"ప్రయాణికులకు మనవి. ఓడ ఒరగడం లేదు. దయచేసి ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చోండి."

అప్పటిదాకా జనానికి నెట్టు గురించే దిగులు. ఇప్పుడు ఓడ గురించి పట్టుకుంది.

"ఒరగడం లేదని మైకులో చెప్పాల్సి వచ్చిందంటే ఏంటర్థం?" అన్నాడొక పెద్దమనిషి.

"ఒరుగుతోందని!" అన్నారు పక్కవాళ్ళు. కొందరు పరిగెత్తి, నీళ్ళలో మునగకుండా తేలే కోట్లు తెచ్చి తొడుక్కున్నారు.

ఈ గందరగోళంలో టైలరుగారు మాత్రం తన పనిలో తానున్నాడు. తన నెట్టు పోయిన క్షణంలో ఎవడు ఫోన్ చూసి నవ్వుతాడో వాడే దొంగ అని లెక్క వేసుకుని, పక్క గది పళ్ళ డాక్టరును పట్టేశాడు. డాక్టరు అప్పటికే తేలే కోటు తొడుక్కుని ఉన్నాడు.

"ఏమయ్యా డాక్టరూ, ఆ ఫోన్ ఒకసారి ఇలా ఇయ్యి."

"ఎందుకండీ?"

"నా నెట్టు నీ దాంట్లో ఉంది."

"నా నెట్టే నా దాంట్లో లేదు మహానుభావా, నీదెక్కడినుంచి వస్తుంది?"

"మరెందుకు నవ్వావు?"

"నవ్వలేదు. నా పళ్ళే అంత."

"మాటలు తిప్పకు. ముందు ఆ కోటు విప్పు, వెనక్కి తొడుక్కున్నావు. భుజాలెలా పట్టేశాయో చూడు," అని టైలరుగారు పోట్లాట మధ్యలోనే దాన్ని విప్పించి, సరిగ్గా తొడిగించి, నడుం దగ్గర పట్టీ సర్ది, "ఇప్పుడు చెప్పు, దొంగవా కాదా?" అన్నాడు.

డాక్టరు కేకలకు కౌంటరు అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది. సంగతి విని, చేతిలో ఉన్న పలక లాంటి యంత్రం మీద ఏదో నొక్కి చూసింది.

"నిజమే సార్. మీ గది కనెక్షన్లో రెండో ఫోన్ ఉంది. ఈ అంతస్తులోనే ఉంది. దానికొక గంట పంపిస్తాను, ఎవరి దగ్గర మోగితే వాళ్ళే."

"పంపమ్మా. అందరూ నోళ్ళు మూసుకోండి!" అన్నాడు టైలరుగారు.

గంట మోగింది. పొగగొట్టం అవతల నుంచి మోగింది. అందరూ అటు నడిచారు. టైలరుగారు అందరికన్నా ముందు నడిచాడు. అక్కడ చేతిసంచిని పొట్టకు అదుముకుని, మోగుతున్నదాని నోరు నొక్కడానికి తంటాలు పడుతూ ఆయన భార్య నిలబడి ఉంది.

"నువ్వా!" అన్నాడు.

"మీరా!" అంది. ఆమె ముందుగా తేరుకుంది. "క్షవరం ఏదీ?"

"నీ మోకాళ్ళెలా ఉన్నాయి?"

"నా మోకాళ్ళ సంగతి తర్వాత. ఒట్టేసి ఓడెక్కిన మనిషి నెట్టు కొంటాడా?"

"నేను కొన్నాను. నువ్వు నా దాన్ని దొంగిలించావు!"

"గదితో పాటు ఊరికే ఇచ్చారనుకున్నా. మీ దొంగసొమ్మని నాకేం తెలుసు?"

"అయితే ఓడ ఒరగడం లేదా వదినా?" అని పక్క కుర్చీ ఆవిడ అడిగింది. డాక్టరు ఇప్పుడు అందరికీ కనబడేలా నవ్వాడు.

జనం సణుక్కుంటూ చెదిరిపోయాక ఇద్దరూ ఒకే బెంచీ మీద కూలబడ్డారు. పోయిన పరువు ఎలాగూ పోయింది, కలిసే చూద్దాం అనుకుని ఒకే ఫోన్లో కెమెరా తెరిచారు. చీకటి. కుడికి తోశారు, చీకటి. ఎడమకు తోశారు, అదీ చీకటే.

"పట్టపగలు ఇంత చీకటేమిటండీ? కొట్టు కాలిపోలేదు కదా?" అందామె.

"కాలితే వెలుగుంటుందే. పిచ్చిది, తలుపులు మూసేసి ఆ కంపెనీలో చేరిపోయింది. అంతే."

ఒట్టు, పంతం, పరువు అన్నీ పక్కకు పోయాయి. ఆ నెట్టు మీదే ఫోన్ చేశారు. ఫోన్ రెండోసారి మోగేలోపే కూతురు ఎత్తింది. వెనక వినబడుతున్న మిషను చప్పుడు ఆగింది.

"చెప్పు నాన్నా. అమ్మ కూడా పక్కనే ఉందా?"

"నువ్వు… కొట్లోనే ఉన్నావా తల్లీ? కెమెరా చీకటిగా ఉందేం?"

"టోపీ కుట్టి తొడిగా దానికి. పొద్దుట్నుంచీ అటూ ఇటూ తల తిప్పుతూ చంపేస్తోంది. ఒకాయనొచ్చి, ప్యాంటు రేపటికి అవుతుందా అని అడిగాడు. నేను అవుతుందనేలోపే అది అడ్డంగా తలూపింది. ఆయన భయపడి వెళ్ళిపోయాడు."

తల్లి ఫోన్ లాక్కుంది.

"తప్పయిపోయిందే. వేసిన ఒట్టు మేమే తప్పాం. నువ్వు మాత్రం ఆ కంపెనీకి పోకే. బల్ల కిటికీ కిందే ఉంచుకో, గుండీల డబ్బా నెత్తిన పెట్టుకో, మేమేమీ అనం."

"నేనెందుకు పోతానమ్మా? వెనకనుంచి ఎవరూ మాట్లాడకపోయేసరికి యూనిఫాంలు అప్పుడే అయిపోయాయి. ఇంకో బడివాళ్ళొచ్చి కొత్త పనిచ్చి వెళ్ళారు. కొట్టు ఇంత బాగా నడుస్తుంటే వదిలిపెట్టి పోతానా?"

టైలరుగారు ఒక్కసారి ఊపిరి వదిలాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "బంగారు తల్లి! గట్టు చేరగానే వచ్చి నీ పక్కన నిలబడతాం."

"అదే వద్దంటున్నా. మాట తప్పింది మీరు కదా, పోవాల్సింది కూడా మీరే. కెమెరా తలాడించడం మొదలెట్టగానే ఓడవాళ్ళతో మాట్లాడేశా. గట్టు చేరాక దిగకండి. అదే గది, ఇంకో చుట్టు. నెట్టు మాత్రం ఇవ్వొద్దని చెప్పా."

ఫోన్ పెట్టేసింది. కాస్త దూరంలో కౌంటరు అమ్మాయి తన యంత్రం మీద ఏదో నొక్కుతోంది. చూస్తుండగానే వాళ్ళ ఫోన్లో నెట్టు పోయింది. ఈసారి ఆయన ఎవరినీ అనుమానించలేదు. ఆమె ఓడనూ ఏమీ అనలేదు.

"ఏమండీ," అందామె, "ఆ టోపీ ఎలా కుట్టి ఉంటుందంటారు?"

"అంచు మడిచి ఉండదు," అన్నాడు ఆయన దిగులుగా.

ఇదీ కథ. మనసులో భద్రంగా పెట్టుకుని, పిల్లల పని వెనక నిలబడి సణిగేవాళ్ళు ఎక్కడ తగిలితే అక్కడ చెప్పు. ఒక్క ముక్క వదలకుండా చెప్పు. ఆ ఇద్దరూ వింటారేమోనని మొహమాటపడకు, వాళ్ళింకా ఓడ దిగలేదు.