ఎనిమిదో తరగతి నీళ్ళు

ఆదివారం పొద్దున విశ్వనాథం మంచి ధీమాతో నిద్ర లేచాడు. కూతురు ప్రజ్ఞకు సైన్సు పాఠం తానే చెప్పి భార్య నోరు మూయించాలని ఆయన పథకం.

ముందురోజు సూర్యకళ తేల్చి చెప్పేసింది. "ఎనిమిదిలనే పునాది పడాలె. సోమవారం నుంచి హబ్సిగూడ కోచింగ్‌ల ఏస్తున్న. బడి అయిపోంగనే అటే పోవుడు."

ప్రజ్ఞ ముఖం అక్కడే వాడిపోయింది. సాయంత్రమైతే నాచారం గ్రౌండులో ఖోఖో ఉంటుంది. స్కూలు జట్టులోకి ఈ ఏడే ఎక్కింది. కోచింగంటూ మొదలైతే ఇక జట్టు లేదు, ఆట లేదు. ఆ ముఖం చూడలేక విశ్వనాథం ఆవేశపడ్డాడు.

"ఎనిమిదో తరగతికి గూడ కోచింగేందే? రైల్వేల సిగ్నళ్ళు నడిపించెటోన్ని, గీ సైన్సు చెప్పలేనా? రేపు సూక్ష్మజీవుల పాఠం నేను చెప్త."

"చెప్పున్రి. బిడ్డకు పాఠం మొత్తం వచ్చిందంటే కోచింగ్ బంద్," అంది సూర్యకళ. మొగుడి మీద ఆమెకు ఏ కోశానా నమ్మకం లేదు.

పొద్దున్నే ప్రజ్ఞ ఆటకు వెళ్ళింది. ఆ పిల్ల వచ్చేలోపు కాస్త చూసుకుందామని విశ్వనాథం పుస్తకం తెరిచాడు. పదో తరగతి దాటాక ఆయనకూ జీవశాస్త్రానికీ మాటల్లేవు. అయినా జంకలేదు. చదువుకునే బల్ల మీద, ప్రజ్ఞ స్కూలు నుంచి తెచ్చుకున్న చిన్న మైక్రోస్కోపు ఉంది. పక్కనే మూత పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్ళున్నాయి. కూతురు తాగగా మిగిలాయనుకుని, ఒక చుక్క గాజు పలక మీద వేసి కన్ను పెట్టాడు.

లోపల సంత జరుగుతోంది. చెప్పు ఆకారంలో ఉన్న జీవి ఒకటి ఈదుకుంటూ వచ్చి, ఇంకోదాన్ని గుద్దుకుని, దారి మార్చుకుని పోయింది.

"సూర్యా! మనం తాగే నీళ్ళల్ల పురుగులున్నయే!"

ఇంకెక్కడైనా అయితే ఈ మాట ఇంట్లోనే ఆగేది. ఉప్పల్‌లో వాళ్ళుండే అపార్ట్‌మెంట్లో సగం మంది పరిశోధనా సంస్థల్లో పనిచేసినవాళ్ళు. వాళ్ళు కంగారుపడితే ఊరుకోరు, కమిటీ వేస్తారు. విశ్వనాథం వీడియో తీసి గ్రూపులో పెట్టాడో లేదో, సంఘం అధ్యక్షుడు ఉమామహేశ్వర్ లుంగీతోనే దిగొచ్చాడు. ఆయన జీవితమంతా రాళ్ళ మీద పరిశోధన చేసి రిటైరయ్యాడు. పరిశీలిస్తున్న వస్తువు కదలడం ఆయనకిదే మొదటిసారి.

"అమ్మో, వీటికి కాళ్ళు కూడా ఉన్నాయండీ!" అంటూ నిలుచున్న చోటే కమిటీ వేశాడు. కమిటీ ఏకగ్రీవంగా పై ట్యాంకును అనుమానించింది. కింద సంపు మాత్రం తక్కువ తిందా అన్నాడొకాయన.

"రెండూ ఖాళీ చేసెయ్యవయ్యా!" అని వాచ్‌మన్ రామస్వామిని పురమాయించాడు ఉమామహేశ్వర్.

నీళ్ళన్నీ మోరీలో కలిశాక ట్యాంకరువాడికి ఫోన్ చేశారు. ఆదివారం కదా, సాయంత్రం దాకా బండి లేదన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు గోల. కామాక్షిగారు తలనిండా కుంకుడు నురగతో మెట్లు దిగి వచ్చారు. పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే గిరిధర్ తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. "అంకుల్, ఒళ్ళంత సబ్బున్నది. జర ఒక్క బకెట్ ఇయ్యున్రి!" పొద్దున తాగిన కాఫీ గుర్తొచ్చి ఉమామహేశ్వర్ కడుపు పట్టుకుని సోఫాలో కూలబడ్డాడు.

ప్రజ్ఞ వచ్చేసరికి ఇల్లు జాతరలా ఉంది.

"డాడీ, నా గ్లాసు ఎవరు ముట్టిన్రు?"

"బిడ్డా, ఆ నీళ్ళు తాగినవా?" విశ్వనాథం ఎదురెళ్ళాడు.

"తాగుడేంది డాడీ? గవి మనీప్లాంట్ సీసాల నీళ్ళు. ఎండుగడ్డి ఏసి వారం నుంచి మురగవెడుతున్న. పాఠంలున్న జీవులు కనవడాలంటే గట్లనే చెయ్యాలన్నది మేడం."

కామాక్షిగారి తలమీద నురగ నెమ్మదిగా ఎండిపోతోంది.

ప్రజ్ఞ ఫిల్టరులో మిగిలిన నీటిచుక్క కూడా పెట్టి చూపించింది. అందులో ఏమీ లేదు. తర్వాత గ్లాసు చుక్క పెట్టి, "గిది పారమీషియం. అవి కాళ్ళు గావు అంకుల్, శైలికలు. సన్న వెంట్రుకల తీరు ఉంటయి, వాటితోని ఈదుతది," అంది. పాలు తోడుకోవడం, దోసెల పిండి పులియడం, రోగాలు, టీకాలు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పింది. గిరిధర్ సబ్బు సంగతి మరిచిపోయి సందేహాలడిగాడు. గుమ్మంలో నిలబడి వింటున్న సూర్యకళకు కూతుర్ని చూస్తుంటే గర్వంతో ఒళ్ళు పులకరించింది.

"గిదంత ఎవరు చెప్పిన్రే నీకు?"

"స్కూల్లనే మమ్మీ. క్లాసుల విన్న."

"అయితే కోచింగ్ బంద్," అంది సూర్యకళ. ప్రజ్ఞ ఎగిరి అమ్మ మెడ పట్టుకుంది.

"అయితే సాయంత్రాలు ఖాళీయేగా!" అన్నారు కామాక్షిగారు. "మా మనవరాలికి నువ్వే చెప్పమ్మా."

"మా మనవడికి కూడా!" అని లేచి కూర్చున్నాడు ఉమామహేశ్వర్. పిల్ల ముఖం మళ్ళీ వాడిపోయింది.

సూర్యకళ అడ్డం వచ్చింది. "సాయంత్రం మా బిడ్డ ఆడుకుంటది. పాఠం చెప్తనని మాటిచ్చింది ఈయన. పిల్లలను ఈయన దగ్గరికే పంపున్రి. కాకుంటే ముందుగాల ఈయన నేర్చుకోవాలె."

సోమవారం సాయంత్రం ప్రజ్ఞ గ్రౌండుకు వెళ్ళింది. ఆమె తిరిగి రాగానే ఆమెకే అప్పజెప్పాల్సిన పాఠం పట్టుకుని విశ్వనాథం బల్ల ముందు కూర్చున్నాడు.