కొండ ఎత్తు పెంపు కమిటీ

పెద్ద అడవి ఒకటి, దాని నడుమ బూరకొండ. ఆ లోకంలో మబ్బులకు ఒక అలవాటుండేది. అన్నిటికన్నా ఎత్తయిన కొండ చూసుకుని దాని మీదే పడుకునేవి. అవి పడుకున్నచోటే వాన.

బూరకొండకు రెండూళ్లు. పైవూళ్లో కోతులు, కిందూళ్లో కుందేళ్లు, అడవిపందులు. ఆ ఏడు ఎదురుకొండ జానెడు పెరిగింది. మబ్బులన్నీ అటే పోయాయి. ఇక్కడ ఊట ఎండి, పిల్లలు తడిరాళ్లు నాకే పరిస్థితి వచ్చింది.

సర్పంచి నక్క నారప్ప సభ పెట్టాడు.

"మన కొండ ఎత్తు పెంచుదాం! కిందూళ్లో మట్టి తవ్వి శిఖరం మీద పోద్దాం."

కోతులు చప్పట్లు కొట్టాయి. కుందేలు చెంగమ్మ లేచింది.

"మరి మా ఊరు ఏమవుతుంది సర్పంచిగారూ?"

"కొండంతా మీదే కదమ్మా, ఊరెందుకు?"

కిందూళ్లోనే ఉండే ఏదుపంది ముళ్లయ్యకు ఒళ్లు మండింది. "అడుగు తవ్వితే కొండ నిలుస్తుందా? ఇది పిచ్చి పని!" అని ముళ్లు నిక్కబొడిచాడు.

"ఇలాంటి వాడే కావాలి," అన్నాడు నారప్ప. "ఎత్తు పెంపు కమిటీకి ముళ్లయ్యగారే అధ్యక్షులు!"

ముళ్లయ్య ముళ్లు మెల్లగా వాలిపోయాయి. "అయినా... కొత్త ఆలోచనలకు అవకాశం ఇవ్వాలి," అని కూర్చున్నాడు.

పందులు తవ్వాయి. కుందేళ్లు మోశాయి. కోతులు చెట్టెక్కి "ఇంకా, ఇంకా!" అని అరిచాయి. చెంగమ్మ తన బొరియ పోతుంటే చూడలేక, పిల్లల్ని నోట కరుచుకుని పక్కనున్న బండ మీదికి చేర్చింది.

చివరికి బూరకొండ ఎదురుకొండను దాటింది. మబ్బులు పరిగెత్తుకొచ్చి పడుకున్నాయి. కుండపోత వాన! అందరూ గంతులేశారు.

పోసిన మట్టి తడిసింది, జారింది. అడుగేమో బోలు. పైవూరు కోతులతో సహా జర్రున దిగొచ్చి కిందూరి గుంతలో కూర్చుంది. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ, బూరకొండ ఇప్పుడు బూరగుట్ట. మబ్బులు లేచి, ఒళ్లు దులుపుకుని, ఎదురుకొండకు వెళ్లిపోయాయి.

నారప్ప బురదలోంచి లేచి గొంతు సవరించుకున్నాడు.

"పైవూరు, కిందూరు అనే తేడా తాతల నాటిది. దాన్ని పోగొట్టిందెవరు?"

"తమరే!" అన్నాయి కోతులు, చెవుల్లో బురద తీసుకుంటూ.

"మా ఊరేది?" అని బండ దిగొచ్చి, గుంత నిండిన మట్టి మీద నిలబడి అరిచింది చెంగమ్మ.

"నువ్వు నిలబడింది దాని మీదేనమ్మా. ఇన్నాళ్లూ కింద బతికావు. ఇప్పుడు పైన ఉన్నావు. ఇంకేం కావాలి?"

చెంగమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఎదురుకొండ దారి పట్టింది.

కొండ ఎందుకు కూలిందో తేల్చడానికి ఆ సాయంత్రమే ఇంకో కమిటీ వేశారు. అధ్యక్షుడు ముళ్లయ్యే.

నీతి: కొండలు కూలతాయి గానీ, వాటిని కూల్చిన కమిటీలు కూలవు.